లోధ్ర బాగా అమ్ముడుపోయింది... అయితే?

పాత తెలుగు పత్రికలు తిరగేసే అలవాటున్నవాళ్ళకి లోధ్ర ప్రకటనలు కొత్త కాదు. స్త్రీల ఋతుబాధలకి మద్రాసు కేసరి కుటీరం వారి మందు అది. అధినేత డా. కె.ఎన్. కేసరి (1875-1953). ఒంగోలు ప్రాంతంలో పుట్టి, పేదరికంతో చిన్నప్పుడే మద్రాసు చేరిన మనిషి. మందుల వ్యాపారంలో నిలదొక్కుకుని 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టాడు, రచయిత్రులకి స్వర్ణకంకణాలు ఇచ్చాడు, మైలాపూరులో హైస్కూలు నిలబెట్టాడు. ఇదంతా నిజంగా గొప్పే.

కానీ నా బుర్ర తొలిచే ప్రశ్న వేరే ఉంది. ఇంతకీ ఇలాంటి మందులు నొప్పి తగ్గిస్తాయా?

"తగ్గకపోతే అన్నేళ్ళు ఎవరు కొంటారండీ?" అంటారు. పదేళ్ళుగా ప్రొడక్షన్‌లో ఉంది కాబట్టి కోడ్‌లో బగ్ లేదన్నట్టుంది ఈ వాదన. నెలసరి నొప్పి చాలామందికి రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. భరించలేని నెలలోనే మందు కొంటాం, మరుసటి నెల ఎలాగూ కాస్త తగ్గొచ్చు. క్రెడిట్ మాత్రం సీసాకి పోతుంది. అందుకే మందు వేసుకున్నవాళ్ళని వేసుకోనివాళ్ళతో పోల్చాలి, ఎవరు ఏ గుంపో చీటీలు తీసినట్టు నిర్ణయించాలి. ఈ పద్ధతికి పేరు తెచ్చిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్ వచ్చిందే 1948లో. కాబట్టి కేసరిగారిని తప్పుపట్టలేం. మనకి మాత్రం ఆ సాకు లేదు.

చైనావాళ్ళు తమ మూలికలని ఇలా పరీక్షకి పెట్టారు. వైద్య పరిశోధనల్ని వడపోసే కోక్రేన్ సంస్థ 2008లో నెలసరి నొప్పి మీద 39 ట్రయల్స్, 3475 మంది స్త్రీల లెక్కలు చూసింది. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి, మామూలు మందుల కన్నా మూలికలే మెరుగన్నట్టు కూడా కనిపించింది. కానీ ట్రయల్స్ చేసిన తీరు నాసిరకం కాబట్టి గట్టిగా నమ్మలేం అని తేల్చారు. టెస్ట్ కేసులు పాసయ్యాయి గానీ, టెస్ట్ కేసులే సరిగ్గా రాయలేదన్నమాట!

మా అమరచింత ఇంట్లో ఈ నొప్పికి శొంఠి కషాయం, మెంతులు ఇచ్చేవాళ్ళు. 2016లో కోక్రేన్ వాటినీ చూసింది. అల్లం, మెంతులకి కాస్త ఆధారం ఉంది, అదీ చాలా పరిమితంగా. అంటే అమ్మమ్మలు పూర్తిగా తప్పనీ కాదు, రుజువైపోయిందనీ కాదు.

మరి మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రల సంగతి? గర్భాశయాన్ని బిగపట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అవి తగ్గిస్తాయి. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని జాన్ వేన్ 1971లో చూపించాడు, 1982లో నోబెల్ పంచుకున్నాడు. ఎలా పనిచేస్తాయో తెలుసు, ట్రయల్స్ ఉన్నాయి, అల్సర్ లాంటి ప్రమాదాలూ తెలుసు. అందుకే డాక్టర్నడిగి వేసుకోమనేది.

మన దగ్గర గ్రంథాల్లో ఉన్న ఆయుర్వేద మందుని అదే జబ్బుకి అమ్మాలంటే లైసెన్సుకి కొత్తగా ట్రయల్ అక్కర్లేదు, గ్రంథంలో ఉంటే చాలు. పోతే పోయింది వంద రూపాయలేగా అనుకోకండి. ఎండోమెట్రియోసిస్ ఉన్న అమ్మాయి టానిక్కులు తాగుతూ "ఆడపిల్లకి ఇది మామూలే" అన్న మాట వింటూ కూర్చుంటే పోయేవి ఏళ్ళు. నెలనెలా కాలేజీయో ఆఫీసో మానేసేంత నొప్పి మామూలు కాదు.

లోధ్ర చెక్క మన శాస్త్రాల్లో ఉంది, మన అడవుల్లోనూ ఉంది. పరువు నిలబడాలంటే దాన్ని పొగడక్కర్లేదు, సరిగ్గా పరీక్షిస్తే చాలు. నెగ్గితే ఇంకో స్వర్ణకంకణం నేనే చేయిస్తా :)