కంటిరెప్పతో వేడి చూసేవాళ్ళు

పోయిన వేసవి సెలవుల్లో హొసూరు పక్కన మా ఊళ్ళో, మా ఇంటి వసారాలో ఒక థర్మాకోల్ పెట్టె ఉండింది. దాంట్లో 60 వాట్ల బల్బు, ఒక మూల థర్మామీటరు, గిన్నెలో నీళ్ళు, పన్నెండు నాటుకోడి గుడ్లు. 21 రోజులు కాచుకున్నాను. రెండే పిల్లలు లేచాయి. మిగతా గుడ్లు పగలగొట్టి చూస్తే కొన్నిట్లో పిల్ల పూర్తిగా తయారై పెంకులోనే చచ్చిపోయుంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

"కోడి కింద పెట్టింటే పది పిల్లలన్నా లేచిండేవి కదరా" అనింది అవ్వ. థర్మామీటరు రోజూ 37.5 డిగ్రీలే చూపించింది, తప్పు నాది కాదు అని నేను వాదించాను. తప్పెక్కడుందో తెలుసుకోవాలని వెతుకుతూ పోతే ఈ పెట్టె చరిత్ర దొరికింది.

కోడి లేకుండా గుడ్లు పొదిగించడం కొత్త విద్య కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఈజిప్టువాళ్ళు గుడ్లను పేడ కుప్పల్లో పూడ్చి పిల్లలు చేస్తారని రాశాడు. సిరాక్యూస్ ఊరి తాగుబోతు కథ కూడా ఆయనే చెప్పాడు. వాడు తన చాప కింద గుడ్లు పెట్టి, అవి పిల్లలయ్యే వరకు ఆపకుండా తాగుతూ కూర్చున్నాడట! మా క్లాసులో ఇది చెప్తే అందరూ నవ్వారు. కానీ మనిషి ఒంటి వేడి దాదాపు 37 డిగ్రీలు, గుడ్డుకు కావలసింది కూడా సుమారు అంతే. తాగుబోతు సంగతి ఎలా ఉన్నా లెక్క మాత్రం సరిపోతుంది.

అసలైన పనివాళ్ళు ఈజిప్టులోనే ఉన్నారు. వాళ్ళు పచ్చి ఇటుకలతో పెద్ద పెద్ద పొదుగు ఇళ్ళు కట్టారు. మధ్యలో సన్నటి నడవ, దానికి రెండు పక్కలా గదులు, ప్రతి గదీ కిందా పైనా రెండు అంతస్తులు. కింది గదిలో వేలకొద్దీ గుడ్లు. పైగదిలో కాలువలా కట్టిన గట్ల మధ్య పేడ, గడ్డి కలిపి చేసిన పిడకల నిప్పు. మనుషులు చిన్న కంతలో నుంచి పాక్కుంటూ లోపలికి పోయి గుడ్లు తిప్పేవాళ్ళు. తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. మంట ఎక్కువైతే పైకప్పు కంత తెరిచేవాళ్ళు, తక్కువైతే మూసేవాళ్ళు.

థర్మామీటరు పుట్టకముందు వేడి ఎలా తెలిసేది? గుడ్డు తీసి కంటిరెప్ప మీద ఆనించుకునేవాళ్ళు. రెప్ప చర్మం పలచన, కొంచెం తేడా వచ్చినా పట్టేస్తుంది. నైలు నది డెల్టాలో బెర్మా అనే ఊరివాళ్ళు ఈ పనిలో పేరుమోసినవాళ్ళు. విద్యను తండ్రి కొడుక్కి నేర్పేవాడు, బయటివాళ్ళకు చెప్పేవాళ్ళు కాదు. ఇచ్చిన గుడ్లలో మూడింట రెండు వంతుల పిల్లలు తిరిగిస్తామని వాళ్ళు ఒప్పందం చేసుకునేవాళ్ళట. అంతకంటే ఎక్కువ లేస్తే వాళ్ళ లాభం.

17వ శతాబ్దం మొదట్లో డచ్చి దేశస్థుడు డ్రెబెల్ ఒక పొయ్యి చేశాడు. వేడెక్కితే పాదరసం పైకి లేచి గాలి దారిని దానంతట అదే మూస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమూర్ ఈజిప్టు చూసొచ్చినవాళ్ళ వివరాలు చదివి, పేడ వేడిలో పీపాలు పెట్టి తనూ ప్రయత్నించాడు. ముందు చాలా గుడ్లు పాడయ్యాయి, పేడ ఆవిరి వాటిని చంపేసింది. (ఇది చదివినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.) 1749లో ఆయన పుస్తకం అచ్చయింది. కంటిరెప్ప చేసిన పని అప్పటి నుంచి థర్మామీటరు చేతికి వచ్చింది. 1879లో అమెరికాలోని పెటలూమాలో లైమన్ బైస్ ఇంక్యుబేటరు చేశాడు, ఆ ఊరు గుడ్ల వ్యాపారానికే పేరుపడింది. మనం ఫారంలో చూసే తెల్ల లెగ్‌హార్న్ కోళ్ళకు పొదుగు మీద కూర్చునే గుణమే దాదాపు పోయింది. పెట్టె లేకపోతే వాటి వంశమే నిలవదు.

నా తప్పు నాకు దొరికింది ఈజిప్టు వాళ్ళ ఇంకో పద్ధతిలో. సుమారు పది రోజులు దాటాక వాళ్ళు నిప్పు ఆపేసి, కొన్ని గుడ్లను పైగదికి మార్చేవాళ్ళు. లోపల పిల్ల పెరిగేకొద్దీ గుడ్డే వేడి పుట్టిస్తుంది. నేనేమో చివరిదాకా అదే బల్బు, అదే ఎత్తులో పెట్టాను.

అవ్వకు కంటిరెప్ప సంగతి చెప్పాను. రెండోసారి గుడ్లు పెట్టినాక ఆమె వచ్చి ఒక్కో గుడ్డూ రెప్పకు ఆనించుకుని, "బల్బు కిందివి కాలుతుండాయి, మూలవి చల్లగుండాయి. నీ గాజుకడ్డీ మూలలో కూచోనుంటే దానికేం తెలుస్తుంది?" అనింది. నేను థర్మామీటరు గుడ్ల మధ్యకు మార్చాను, రోజూ మూడుసార్లు గుడ్ల చోట్లు మార్చి తిప్పాను. రెండో వారం నుంచి బల్బు కొంచెం పైకి కట్టాను. 18వ రోజు తర్వాత తిప్పడం ఆపి, నీళ్ళ గిన్నె ఇంకొకటి పెట్టాను.

పది గుడ్లకు ఏడు పిల్లలు లేచాయి. బెర్మా వాళ్ళ లెక్క దాటేశానని అవ్వతో గొప్పగా చెప్పుకున్నాను. అవ్వ పిల్లల మీద గంప మూస్తూ, "మిగతా మూడూ ఎవరికిచ్చినావు?" అనింది.