బాలింత కన్ను

ఇంట్లో అందరి చూపూ ఉయ్యాల మీదుండగా తల్లి కన్ను పోయింది. ఇది ఏ ఒక్కరి కథో కాదు. ఆరోగ్యంగా ఉన్న బాలింతకు నెత్తుటి వెంట ఫంగస్ కంట్లో చేరడం చాలా అరుదు. చేరిందంటే మాత్రం కథ తరచూ ఇలాగే నడుస్తుంది.

కాన్పు కష్టమైంది. సెలైన్ ఎక్కించారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారు. క్యాండిడా మన ఒంట్లో ఎప్పుడూ ఉండే ఫంగసే. ఆ మందులు పక్కనున్న బాక్టీరియాను చంపేస్తే దానికి చోటు దొరుకుతుంది. ఒక్కోసారి సూది గుచ్చిన చోటి నుంచో, కలుషితమైన సెలైన్ నుంచో ఫంగస్ నేరుగా రక్తంలో దిగుతుంది. నాలుగు రోజులు జ్వరం కాసింది. పాలు గడ్డకట్టి వచ్చిందన్నారు. అది తగ్గింది, అందరూ మరిచిపోయారు. ఫంగస్ అప్పటికే కంటి వెనక, రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న పొరలో కూర్చుంది.

బారసాల నాటికి కన్ను ఎర్రబడింది. చూపు మసకేసింది, నల్లటి నలుసులు కదులుతున్నాయి. వేడి చేసిందన్నారు. పచ్చి బాలింత ఫోన్ చూస్తే కాదా అన్నారు. అత్తగారు దిష్టి తీసింది.

డాక్టరుకు అది యువియైటిస్‌లా, అంటే కంటి లోపలి పొరల వాపులా కనబడింది. తప్పుపట్టలేం, షుగరైనా లేని పిల్ల కంట్లో ఫంగస్ ఉంటుందని ఎవరికి తోస్తుంది? స్టెరాయిడ్ చుక్కలు రాశారు. ఆ తర్వాతి కొద్ది రోజులే నన్ను ఎక్కువ కలచివేస్తాయి. ఎరుపు విరిగింది, నొప్పి తగ్గింది, ఇంట్లో నవ్వులు వినబడ్డాయి. స్టెరాయిడ్ వాపుతో పాటు ఒంటి ప్రతిఘటననూ అణిచింది. కనుగుడ్డు లోపలి జెల్లీలో రక్తనాళాలు లేవు, అడ్డుకునేదీ లేదు. అక్కడ ఫంగస్ తెల్లగా దూది ఉండల్లా పెరిగింది.

ఆ జెల్లీని తీసేసే ఆపరేషన్, విట్రెక్టమీ చేశారు. 1950లలో వెనెజులాలో ఒరినోకో నదీతీరపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసిన ఆంఫోటెరిసిన్-బి అనే ఫంగస్ మందును కంట్లోకే ఎక్కించారు. ఆపైన వారాల తరబడి వోరికొనజోల్ మాత్రలు. అవి వాడినన్నాళ్లూ పాలివ్వొద్దన్నారు. చంటిదానికి డబ్బాపాలు పట్టారు.

ఫంగస్ చచ్చింది. రెటీనా నడిమధ్యన మచ్చ మిగిలింది. ఆ కంటితో బిడ్డను చూస్తే చెవులూ జుట్టూ తెలుస్తాయి, ముఖం తెలియదు.

కంట్లోంచి తీసిన నమూనాలో క్యాండిడా పెరిగిందని రిపోర్టు వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలంటే కాన్పు రోజు ఎక్కించిన సెలైన్ సీసానూ పరీక్షించాలి. అది ఆ రోజే ఆస్పత్రి చెత్తలో పోయింది.