మందు ఒంటబట్టు విధము

గౌతమీ వసిష్ఠల నడుమ కొబ్బరితోటలతో, కాలువలతో అలరారు కోనసీమను తలచినపుడు బోదకాలును కూడ తలచుకొనక తప్పదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములవారు ఈ వ్యాధిని తరతరములుగా ఎరుగుదురు. మురికినీట పెరుగు క్యూలెక్సు దోమ దీనిని మోయునని తెలిసిన పిమ్మట కూడ చాలకాలము తగిన ఔషధము దొరకలేదు. ఆంటిమొనీ, ఆర్సెనిక్ సమ్మేళనములను సూదిమందుగా ఇచ్చి చూచిరి గాని, వాని విషగుణము వైద్యులను వెనుకకు లాగెను.

ఈ చిక్కు విప్పినవారిలో ముఖ్యుడు గోదావరి డెల్టా బిడ్డయే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. సోదరులిద్దరు సంగ్రహణికి బలియైరి. తామును ఆ వ్యాధి పాలై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొనిరి. సంగ్రహణి యనగా తిన్నది ఒంటబట్టని జబ్బు. పోషకములను గ్రహించు శక్తిని ప్రేగు కోల్పోవును. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలయందు వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము తయారై సంగ్రహణి రోగులకు ఆదుకోలైనది. 1947లో బోదకాలు క్రిమిపై హెట్రజాన్ వెలువడినది. మరుసటి యేడే వారు కన్నుమూసిరి.

హెట్రజాన్ విశేషము అది నోట వేసికొను మాత్ర యగుటయే. మ్రింగిన మాత్ర మొదట విడిపోయి కరగవలెను. పిదప ప్రేగు గోడను దాటవలెను. అటుపై కాలేయమునకు పోవును. అచట కొంత విరిగిపోగా మిగిలిన పాలే దేహమంతటికి అందును. హెట్రజాన్ నీట సులభముగా కరగును గనుక ఒకటి రెండు గంటలలోనే రక్తమున నిండుగా చేరును. దానికి తోడుగా ఇచ్చు అల్బెండజోల్ అట్టిది కాదు. నీట సరిగా కరగదు. నేయి, నూనె గల భోజనముతో తీసికొన్నచో రక్తమున చేరు పాలు సుమారు అయిదింతలగును.

మన దేశమున 1955లో జాతీయ ఫైలేరియా నివారణ పథకము, 2004లో సామూహిక ఔషధ పంపిణీ ఆరంభమైనవి. ఈ మందు రక్తములోని సూక్ష్మక్రిములను చంపును. పాత వాపును మాత్రము తీయజాలదు. కనుక కాలు బాగున్నవారును మ్రింగవలసినదే. క్రిములు చచ్చునపుడు కొందరికి జ్వరము, తలనొప్పి రావచ్చును. గర్భిణులకు, రెండేండ్లలోపు శిశువులకు, తీవ్రరోగులకు ఇది ఇయ్యరాదు. తక్కినవారు పరగడుపున గాక, భోజనానంతరము, ఇచ్చినవారి యెదుటనే మ్రింగవలెనని మేము మనవి చేయుచున్నాము. గూటిలో దాచిన మాత్ర ఎవరి రక్తమునకును చేరదు. అది చేరని యింటినుండి దోమ క్రిమిని పొరుగింటికి మోయుచునే యుండును.