మట్టి ఎక్కడ ఆగిపోయింది?

రెండు గీతలు. ఒకటి 1965 నాటి తీరం, రెండోది 2008 నాటిది. కృష్ణా గోదావరి డెల్టాల అంచున 336 కిలోమీటర్ల పొడవునా ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అవి కలవడం లేదు. కొన్నిచోట్ల నేల ముందుకు పెరిగింది. చాలాచోట్ల సముద్రమే లోపలికి వచ్చేసింది. పెరిగింది పోను తేలిన నష్టం 76 చదరపు కిలోమీటర్లు. రైతు లెక్కలో చెప్పాలంటే దాదాపు 19 వేల ఎకరాలు.

ఈ లెక్క తీసింది విశాఖలోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కె. నాగేశ్వరరావు తన సహచరులతో, అహ్మదాబాద్ ఇస్రో కేంద్రం శాస్త్రవేత్తలతో కలిసి 2010లో ఒక అంతర్జాతీయ పత్రికలో దీన్ని ప్రచురించారు. నేర పరిశోధనలా సాగే ఆ పత్రం వెంటే మనమూ నడుద్దాం.

మొదటి అనుమానం సముద్రం మీదే. కానీ అలలు నిన్న మొన్న పుట్టినవి కావు. వేల ఏళ్లుగా అవి కొడుతూనే ఉన్నాయి, డెల్టా పెరుగుతూనే వచ్చింది. ఇప్పటి తీరానికి ఎంతో లోపల, పొలాల మధ్య కనిపించే పాత ఇసుక దిబ్బలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులే. మరి 1990 వరకు ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లు పోయిన నేల, ఆ తర్వాతి పదేళ్లలో ఏటా 2.32 చొప్పున ఎందుకు పోయింది?

కృష్ణ దగ్గర జవాబు తొందరగానే దొరికింది. 1951-59 మధ్య ఏడాదికి సుమారు 2,185 టీఎంసీల నీరు దిగువకు పారేది. 2000-2008 నాటికి మిగిలింది 417 టీఎంసీలు. ఏటా వచ్చే ఒండ్రు 1960ల చివర్లో ఉన్న 90 లక్షల టన్నుల నుంచి 2000 తర్వాత 4 లక్షల టన్నులకు పడిపోయింది. ఆ సంఖ్యల ముందు కాసేపు ఆగాలి. దివిసీమను కన్న నది అది.

గోదావరి దగ్గర కథ అడ్డం తిరిగింది. నీటి లెక్కల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వరదలు వస్తున్నాయి, ధవళేశ్వరం గేట్లు ఎత్తుతున్నారు. మరి తీరం ఎందుకు కోతపడుతోంది? నీటిని పక్కనపెట్టి మట్టిని లెక్కపెట్టాక గుట్టు విడింది. 1970లలో ఏటా 15 కోట్ల టన్నులు మోసుకొచ్చిన గోదావరి, 2000-2006 నాటికి తెస్తున్నది 5 కోట్ల 72 లక్షల టన్నులే.

మిగతాది ఎక్కడ ఆగింది? రెండు నదుల మీదా జలాశయాల ఎగువన నమోదైన ఒండ్రునూ దిగువన నమోదైన ఒండ్రునూ పోల్చి చూశారు. దిగువన ఎప్పుడూ తక్కువే. పరుగు ఆగిన చోట నీరు తన బరువు దించేస్తుంది. గేటు దాటి వచ్చేది తేలికపడ్డ నీరు. ఆనకట్టకు అది లాభమూ కాదు, పూడిక పెరిగి నిల్వ తగ్గుతుంది. డెల్టాకు మాత్రం ఆకలి.

ఈ ఆకలి విశాఖ వాసులకు తెలియనిది కాదు. దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట నడిచే ఇసుకను హార్బర్ అడ్డుకుంటుంది. అందుకే డ్రెడ్జర్ తవ్విన ఇసుకను రామకృష్ణా బీచ్‌కు పంపు చేస్తూ ఉంటారు. ఒక బీచ్‌కైతే అలా పోయగలం. 336 కిలోమీటర్లకు ఎవరు పోస్తారు?

అయినా ప్రతి ఆగస్టులో పత్రికల్లో అదే మాట: ఇన్ని వందల టీఎంసీలు వృథాగా సముద్రం పాలు. ఈ మాట నన్ను బాధిస్తుంది. ఆ ఎర్రనీటికే పులస ఎదురీదుతుంది. ఆ మట్టితోనే కోరింగ మడ అడవి నిలబడింది, కోనసీమ లంకలు లేచాయి. తీరానికి చేరిన ఒండ్రులో వృథా అయిందేదీ లేదు. సాగునీరు వద్దని ఎవరూ అనరు. ఏలేరు కాలువలో కలిపిన గోదావరి నీళ్లు విశాఖ కూడా వాడుకుంటోంది. కానీ రోజూ టీఎంసీలు ప్రకటించే మనం, ఒండ్రు టన్నులనూ అదే పట్టికలో ఎందుకు వేయం?

ఆ పరిశోధన లెక్క 2008 దగ్గర ఆగింది. ఆ తర్వాత గోదావరి మీద పోలవరం స్పిల్‌వే లేచింది. ప్రాజెక్టు పూర్తయితే 194 టీఎంసీల జలాశయం. ఇంద్రావతి, శబరి రెండూ గోదావరిలో కలిసేది దానికి ఎగువనే. అవి తెచ్చే మట్టి ఇకపై ముందు అక్కడికి చేరాలి, ఆ తర్వాతే అంతర్వేదికి.