నారికురుపు పోయిన కథ

ఉగాది సంచికలలో రాజుల చరిత్రలును, క్షేత్రముల చరిత్రలును చదువుట మనకు అలవాటు. ఈసారి మేము ఒక రోగము యొక్క చరిత్ర వ్రాయదలచితిమి. రోగమునకు చరిత్ర యేమిటని కొందరు నవ్వవచ్చును. కాని మన తాతలను రాజులకంటె ఎక్కువగా ఏడిపించినవి రోగములే. వానిలో ఒకటి మందు లేకుండ, టీకా లేకుండ, ఊరూరా చెప్పిన మాటవలనను, నీరు వడగట్టిన గుడ్డవలనను మన దేశము విడిచిపోయినది. అదియే నారికురుపు.

మరాఠీవారు దీనిని నారూ అందురు. మనము నివసించు నాందేడు జిల్లా 1948 వరకు నైజాము రాజ్యములోను, 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రములోను ఉండెను. తరువాత బొంబాయి రాష్ట్రములో చేరి, 1960 మే 1న మహారాష్ట్రములో భాగమయ్యెను. బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు, కిన్వటు ప్రాంతములలో నేటికిని తెలుగు, మరాఠీ ఒకే వీధిలో వినబడుచున్నవి. రోగము మాత్రము ఏ భాషను, ఏ సరిహద్దును ఎంచలేదు. అటు ఆంధ్రప్రదేశమందును, ఇటు మహారాష్ట్రమందును అది పల్లెలను పట్టి పీడించెను. పేర్లు రెండు, బాధ ఒక్కటే.

ఈ రోగము నీటివలన వచ్చును. నిలువ నీటిలో సైక్లాప్స్ అను నలుసంత పురుగులుండును. నారిపురుగు పిల్లలను మ్రింగిన ఈ నలుసులు మంచినీటితోపాటు మన కడుపులోనికి పోవును. నలుసు చచ్చును గాని దాని లోపలి పిల్లలు చావవు. అవి శరీరములోనే పెరిగి, సుమారు ఏడాదికి రెండు మూడడుగుల పొడవైన దారమువంటి పురుగై, తరచుగా కాలి దగ్గర బొబ్బ లేపి బయటికి వచ్చును. ఆ మంట చల్లారుటకు రోగి కాలు నీటిలో పెట్టును. వెంటనే ఆ పురుగు వేలకొలది పిల్లలను నీటిలోనికి వదలును. మరల నలుసులు, మరల కడవలు, మరల కురుపులు. ఈ చక్రములో నలుసు పాత్రను 1870లో ఫెద్చెంకో అను రష్యా శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను.

ఇందుకు తగిన చోటు మన దిగుడుబావి. ఇక్కడివారు బారవ అందురు. మెట్లు దిగి మోకాలిలోతు నీటిలో నిలిచి కడవ ముంచుకొందురు. కురుపున్న కాలును, త్రాగు నీరును ఒకేచోట కలియును. పురుగు పైకి వచ్చినపుడు దానిని పుల్లకు చుట్టి, రోజున కొంచెము కొంచెముగా లాగవలెను. తొందరపడి లాగిన తెగును. తెగినచో కాలు వాచి చీము పట్టును. వారములకొలది మంచమే గతి. పొలము పనులప్పుడు కూలివాడు మంచము పట్టినచో ఆ యింట పొయ్యి వెలుగుట ఎట్లు? ఒకసారి వచ్చినవానికి మరల రాదనియు లేదు. దీనికి టీకా నాడును లేదు, నేడును లేదు.

1983-84లో భారత ప్రభుత్వము దీనిని తుదముట్టించు జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. 1984లో రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రములలో కలిపి సుమారు 40,000 మంది రోగులు లెక్కకు వచ్చిరి. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి రోగులను వెదకిరి. కురుపులకు కట్లు కట్టిరి. నలుసులను చంపు మందును నీటిలో కలిపిరి. నీరు వడగట్టుటకు నేతగుడ్డలు పంచిరి. దిగుడుబావులకు మెట్లు మూసి, పైనుండి చేదుకొను బావులుగా మార్చిరి. బోరింగులు వేసిరి.

వీనిలో అన్నిటికంటె కష్టమైన పని చెప్పుట. రాత్రి తిన్న పాచికూడు తెల్లవారునప్పటికి కడుపునొప్పి తెచ్చినచో ఎవరికైనను కారణము తెలియును. కాని నిరుడు త్రాగిన నీరు ఈ యేడు కాలిలో పురుగై వచ్చునన్న ఎవరు నమ్ముదురు? దేవత కోపమనియో, చేసిన పాపమనియో అనుకొనుట వింత కాదు. నీరు కంటికి తేటగానే యుండును గదా! కనుక ఊరక ఉపన్యసించిన లాభము లేదు. ఆ బావి నీటినే గాజుగ్లాసులో పోసి ఎండకెదురుగా పట్టి కదలుచున్న నలుసులను చూపవలెను. ఆ నీటినే గుడ్డతో వడగట్టి మరల చూపవలెను. కన్ను నమ్మినదానిని మనస్సు నమ్మును.

అయితే మాట ఒక్కటే చాలునని మేము అనము. కాలికి కురుపున్న తల్లికి "నీటిలో దిగకు" అని చెప్పుట సులభము. ఆమె దిగనిచో ఆ యింటికి నీరు తెచ్చునదెవరు? ఊరి మంచి బావి కొందరికి నిషిద్ధమైన దినములలో వారు మురికి మడుగు గాక మరేమి త్రాగుదురు? నీరు చూపక నీతి చెప్పుట క్రూరము. నీరిచ్చి సంగతి చెప్పకున్న, బోరింగు చెడిన మరునాడే కడవలు పాత బావికి పోవును. రెండును కావలెను. ఇందులో మన ప్రాంతమునకు కొంత కీర్తి కలదు. మన రైలుదారిలోని జాల్నా పేరుతోను, షోలాపూరు పేరుతోను వెలసిన చేతిపంపులే 1970 దశకములో ఇండియా మార్క్-2 అను గట్టి పంపునకు మార్గము చూపినవి.

చెప్పువారెవరన్నదియు ముఖ్యమే. 1970లో నాటి అహమ్మద్‌నగర్ జిల్లాలోని జామ్‌ఖేడ్‌లో వైద్య దంపతులు రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే గ్రామారోగ్య సంస్థను నెలకొల్పిరి. ఊరివారే ఎన్నుకొన్న స్త్రీలకు వారు శిక్షణ ఇచ్చిరి. వారిలో అక్షరము రానివారు, దళిత స్త్రీలు ఎందరో. పొరుగింటి ఆమె చెప్పిన మాట పట్నపు డాక్టరు మాటకంటె తొందరగా లోపలికి పోవునని జామ్‌ఖేడ్ నిరూపించెను. 1979లో ఆ దంపతులకు మెగసెసే బహుమానము లభించెను.

మన దేశములో నారికురుపు చివరి రోగి 1996 జూలైలో రాజస్థానమందలి జోధ్‌పూర్ జిల్లాలో కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఈ రోగమునుండి విముక్తమైనదిగా ప్రకటించెను. 1986లో ప్రపంచమంతట సుమారు 35 లక్షల మందిని బాధించిన ఈ రోగము 2022, 2023, 2024 సంవత్సరములలో ఏటేటా ఇరువదిమందికి లోపుగనే, అదియు ఆఫ్రికాలో మాత్రమే, కనబడెను. కుక్కలకును ఈ పురుగు సోకుట చేత అక్కడ పూర్తిగా పోలేదు.

నేటి పిల్లలకు నారికురుపు పేరైనను తెలియదు. అదియే పెద్ద విజయము. కాని పని ముగియలేదు. డెంగీ దోమ ఇంటి తొట్టిలో, డ్రమ్ములో నిలిచిన నీటిలోనే పుట్టుచున్నది. తెలుగు పల్లెలనుండి కూలికై వచ్చిన వారికి మరాఠీలో వ్రాసిన హెచ్చరిక చదువరాదు. ఆసుపత్రిలో చెప్పినది సగమే తెలియును. రెండు భాషలును వచ్చిన మనము ఆ మిగిలిన సగమును చెప్పవచ్చును. చీటీ చదివి పెట్టుట, నీటితొట్టిని వారమునకొకసారి ఖాళీచేసి తోమవలెనని పొరుగువారికి చెప్పుట, టీకా దినము జ్ఞాపకము చేయుట – ఇందుకు డబ్బక్కరలేదు, డాక్టరు చదువక్కరలేదు. సంఘములోని ప్రతి కుటుంబమును ఈ నూతన సంవత్సరమున ఇట్టి ఒక్క యింటినైనను తనదిగా చూచుకొనవలెనని మా మనవి.