ఆదివాసీ రక్తంలో దొరికింది, ఆదివాసీ గూడేనికి ఆలస్యంగా వచ్చింది



హెపటైటిస్ బి పరీక్ష చేయించుకుంటే కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ కాగితం మీద "ఆస్ట్రేలియా యాంటిజెన్" అని రాస్తరు. కాగజ్‌నగర్‌లో తీసిన మన రక్తానికి ఆస్ట్రేలియా పేరెందుకు? దాని వెనుక ఒక ఆదివాసీ ఉన్నడు కాబట్టి.

1960లలో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ లోకంలోని రకరకాల జాతుల రక్తాన్ని పోల్చి చూసేవాడు. చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా రోగి యాంటీబాడీలు, ఆస్ట్రేలియా ఆదివాసీ ఒకరి రక్తంలోని కొత్త ప్రోటీన్‌ను పట్టుకున్నయి. ఈ సంగతి 1965లో అచ్చయింది. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తర్వాత తేలింది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. రక్తం ఇచ్చిన మనిషి పేరు మాత్రం ఈ కథ చెప్పేవాళ్ల నోట వినపడదు.

ఈ వైరస్ లివర్‌ను తినేస్తదని అనుకుంటం. అసలు సంగతి వేరు. వైరస్ దాక్కున్న లివర్ కణాలను చంపేది ముఖ్యంగా మన ఒంట్లోని టి కణాలే. పెద్దయినంక సోకితే వందలో 95 మందికి ఒళ్లే వైరస్‌ను వెళ్లగొడుతది. పసరు తాగినంక తగ్గిందని చెప్పుకునే కామెర్లలో ఇట్లా తగ్గినవి చాలా ఉంటయి. తల్లి నుంచి పుట్టుకతోనే సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి అది ఉండిపోతది. పసిబిడ్డ ఒళ్లు దానితో గట్టిగా కొట్లాడదు. ఏండ్ల తరబడి వైరస్ ఎదురుగానే ఉండేసరికి టి కణాలు అలసిపోతయి. వైరస్‌ను పూర్తిగా తుడిచెయ్యలేవు, ఊకనే కూడా ఉండవు. ఆ సగం కొట్లాటలోనే లివర్ మీద మచ్చలు కట్టి కొందరికి సిరోసిస్, క్యాన్సర్ దాకా పోతది. అప్పటిదాకా కళ్లు పచ్చబడకపోవచ్చు, మనిషికి ఏమీ తెలియకపోవచ్చు.

అలసిన సైన్యాన్ని మళ్లీ లేపడం కష్టం. వైరస్ రాకముందే సైన్యానికి శత్రువును చూపించడం తేలిక. టీకా చేసేది అదే. విదేశీ టీకా సామాన్యులకు అందని ధరలో ఉన్న రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి పెట్టిన హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో సొంత టీకా తెచ్చింది. ధర డోసుకు 50 రూపాయలు. మనకు 300 కిలోమీటర్ల దూరంలో తయారైన టీకా అది. కానీ సర్కారు టీకాల జాబితాలో 2002లో కొన్ని నగరాలు, జిల్లాలతో మొదలై దేశమంతటా చేరేసరికి 2011 అయింది.

అంటే 2011కు ముందు పుట్టిన మనలో చాలామందికి ఈ టీకా పడకపోయి ఉండొచ్చు. మన అమ్మానాన్నలకైతే పడే అవకాశమే తక్కువ. అందుకే మనం మూడు పనులు చేద్దాం. ఒకటి, సర్కారు దవాఖానలో పరీక్ష చేయించుకుందాం. లేదని తేలితే టీకా వేయించుకుందాం. రెండు, గూడెంలో కాన్పు అయితే 24 గంటల్లోపు బిడ్డకు మొదటి డోసు పడేట్టు ఆశా కార్యకర్తకు చెబుదాం. మూడు, ఎవరికైనా ఉందని తేలితే దూరం పెట్టొద్దు. కలిసి తింటే, చెయ్యి పట్టుకుంటే ఇది అంటదు. రక్తం, సూదులు, బ్లేడ్లు, లైంగిక సంబంధం, కాన్పు ద్వారా అంటుతది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. ఆ తేదీ బ్లంబర్గ్ పుట్టినరోజు కూడా.

ఈ పోస్టు చదివినోళ్లు ఇయ్యాలే ఇంట్లో అడగండి: మనకు ఆ టీకా పడిందా?