యానాం ‘మేరీ’: ఒక చిన్న పురపాలక సంఘం, దాని కాగితాలు, మన తెలుగు



చరిత్ర పాఠమనగానే రాజవంశాలు, యుద్ధాలు, ఒడంబడికలు గుర్తుకు వస్తాయి. వీధిదీపాలకు ఖర్చు ఎవరు మంజూరు చేశారు, సంత పాట ఎవరు దక్కించుకొన్నారు, పుట్టిన బిడ్డ పేరు ఏ పుస్తకంలో ఏ భాషలో ఎక్కింది అనే సంగతులు పాఠ్యపుస్తకాలలో కనిపించవు. కాని అన్య రాష్ట్రాలలో తెలుగు చదువును నిలబెట్టుకోవాలనుకొనే మనకు ఈ రెండవ రకం చరిత్ర చాలా అవసరం. బడిలో నేర్చిన భాషకు ఊరి వ్యవహారంలో చోటు లేకపోతే, అది పరీక్ష ముగిసిన నాటితో ముగుస్తుంది. ఈ విషయాన్ని యానాం పురపాలక సంఘం చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం. ఊరంతా తెలుగువారే ఉండి, కార్యాలయం మాత్రం పరభాషలో నడచిన పట్టణమది. బరంపురం, బళ్ళారి, హోసూరు తెలుగువారు సైతం తమ అనుభవంతో పోల్చి చూసుకోదగిన కథ.

గౌతమీ తీరాన ఫ్రెంచి కమ్యూను

ఫ్రెంచివారు పద్దెనిమిదవ శతాబ్దపు తొలి భాగంలో, గౌతమీ గోదావరి సముద్రానికి చేరువయ్యే చోట, యానాంలో వర్తకస్థానం ఏర్పరచుకొన్నారు. ఆంగ్లేయులతో జరిగిన యుద్ధాలలో అది పలుమార్లు చేతులు మారి, నెపోలియను యుద్ధాల అనంతరం ఫ్రెంచివారికే దక్కింది. పాలనకు కేంద్రం పుదుచ్చేరి. రోడ్డు మార్గాన అది ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. చుట్టూ ఉన్నది ఆంగ్లేయుల గోదావరి జిల్లా.

1880 మార్చి 12వ తేదీ నాటి ఫ్రెంచి ప్రభుత్వ శాసనం ద్వారా ఫ్రెంచిండియాలో పది కమ్యూనులు, అనగా పురపాలక సంఘాలు, ఏర్పడ్డాయి. పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాలకు అనేక కమ్యూనులు రాగా, చందర్‌నగరుకు, మాహేకు, యానాంకు ఒక్కొక్కటి వచ్చాయి. 1907లో కమ్యూనుల సంఖ్య పదిహేడుకు పెరిగింది. యానాంకు మాత్రం అప్పుడూ ఒక్కటే. పట్టణంతోపాటు కనకాలపేట, మెట్టకూరు, అడవిపొలం, దరియాలతిప్ప వంటి గ్రామాలన్నీ ఆ ఒక్క సంఘం పరిధిలోనివే.

ఫ్రెంచి భాషలో పురపాలక కార్యాలయాన్ని ‘మేరీ’ అని, సంఘాధ్యక్షుని ‘మేర్’ అని వ్యవహరిస్తారు. మేరీ చేయవలసిన పనులు ఏ చిన్న పట్టణంలోనైనా ఉండేవే: వీధులు, మురుగుకాలువలు, దీపాలు, సంత, శ్మశానం, ఆదాయవ్యయాల లెక్క, జనన మరణ వివాహాల నమోదు. వీటిలో చరిత్ర గ్రంథానికెక్కదగిన ఘనకార్యమేదీ లేదు. అయితే సామాన్యుడు ప్రభుత్వాన్ని చూసేది ఈ పనులలోనే. గవర్నరును జీవితంలో ఒక్కసారి కూడా చూడని రైతు, బిడ్డ పుట్టినప్పుడూ పెద్దలు పోయినప్పుడూ మేరీకి వెళ్ళక తప్పదు.

ఓటు ఉన్నది, భాష లేదు

యానాంకు పొరుగున, సుమారు ముప్పై కిలోమీటర్ల దూరాన ఉన్న కాకినాడలో 1866లోనే పురపాలక సంఘం ఏర్పడింది. ఆంగ్లేయుల పాలనలోని పురపాలక ఎన్నికలలో ఓటుహక్కు చాలాకాలం ఆస్తిని, చెల్లించే పన్నును బట్టి కొద్దిమందికే పరిమితమై ఉన్నది. ఫ్రెంచిండియాలోనో, పారిసులోని శాసనసభకు ప్రతినిధిని పంపే ఎన్నికలో సైతం పందొమ్మిదవ శతాబ్దిలోనే పురుషులకు ఓటు లభించింది. కాగితం మీద చూస్తే యానాం తెలుగువాడు కాకినాడ తెలుగువానికన్న ముందున్నాడు.

ఈ ఓటులో ఒక మెలిక ఉన్నది. ఓటర్లను జాబితాలుగా విభజించారు. 1884లో మూడు జాబితాలు: ఐరోపావారు ఒకటి, తమ వైయక్తిక ధర్మశాస్త్రాన్ని విడిచి ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన భారతీయులు రెండవది, తక్కిన భారతీయులు మూడవది. 1899లో జాబితాలు మళ్ళీ రెండయ్యాయి. ఈ పద్ధతి వలన పిడికెడుమంది ఐరోపావారికి వారి సంఖ్యకు ఎంతమాత్రం తగని స్థానాలు దక్కాయి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతనే జాబితాలు రద్దయి, స్త్రీలకు కూడా ఓటు వచ్చింది.

రెండవ మెలిక భాషది. అధికార భాష ఫ్రెంచి. ఓటర్లు తెలుగువారు, వీధులలో వినిపించేది తెలుగు, అధికారిక పత్రం మాత్రం ఫ్రెంచి. 1880లోనే స్థానిక ప్రజల జనన మరణ వివాహాల నమోదుకు ప్రత్యేక శాసనం వచ్చింది. ఆ పుస్తకాలలో మన పేర్లు ఫ్రెంచి వర్ణక్రమంలోనికి మారాయి. ‘నాయుడు’ అన్నది ‘నాయిదూ’ అని చదువుకోవలసిన రీతిలో స్థిరపడింది. పూర్వుల ఫ్రెంచి పౌరసత్వాన్ని రుజువు చేసుకోవలసిన కుటుంబాలకు నేటికీ ఆ నమోదులే ఆధారం. తండ్రి నోటితో చెప్పిన పేరు కన్న గుమాస్తా వ్రాసిన పేరే చిరకాలం నిలుస్తుందనడానికి ఇంతకన్న నిదర్శనం వేరొకటి అక్కరలేదు.

ఇక్కడ గోదావరి తీరానే మరొకచోట జరిగినదాన్ని గుర్తు చేసుకోవాలి. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించి, రాజమహేంద్రవరంలోని ఉద్యోగుల లంచగొండితనాన్ని తెలుగులోనే ఎండగట్టారు. అక్కడ కూడా పై కార్యాలయాల భాష ఆంగ్లమే. కాని ఊరి పాలనను గురించి తెలుగులో తర్కించే పత్రిక ఒకటి పుట్టింది. దానివలన పన్ను, లంచం, న్యాయం వంటి విషయాలపై వచనం వ్రాసే అలవాటు మన భాషలో బలపడింది. తెలుగు వచనం గట్టిపడడానికి కావ్యాలతోపాటు ఇటువంటి ఊరి తగవులు కూడా తోడ్పడ్డాయని మన విద్యార్థులకు చెప్పవలసి ఉన్నది.

మురుగుకాలువల సభ్యులు, దేశ సరిహద్దు

చిన్న పురపాలక సంఘాలు ఎంత పెద్ద నిర్ణయానికి సాధనాలు కాగలవో ఫ్రెంచిండియా చివరి ఘట్టంలో తెలిసింది. 1948 జూన్‌లో భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు ఒక అంగీకారానికి వచ్చాయి. ఈ ప్రాంతాల భవిష్యత్తును ప్రజలే నిర్ణయించుకోవాలి. ఆ ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు, ఏ విధంగా జరగాలో ఎన్నికైన పురపాలక సంఘాలు చెప్పాలి. అందుకోసం ఆ సంవత్సరం అక్టోబరులో పురపాలక ఎన్నికలు జరిగాయి. అంతవరకు దీపాలు, కాలువలు చూసుకొంటున్న సభ్యుల చేతికి దేశ సరిహద్దు ప్రశ్న వచ్చింది.

1954 మార్చిలో పుదుచ్చేరి ప్రాంతపు పురపాలక సంఘాల అధ్యక్షులు భారతదేశంలో విలీనం కావాలని తీర్మానించారు. యానాంలో మార్పు మరొక విధంగా వచ్చింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో విమోచనోద్యమకారులు యానాంలో ప్రవేశించి పాలనను చేతిలోకి తీసుకొన్నారు. అదే సంవత్సరం అక్టోబరు 18న కీళూరులో ప్రతినిధుల సభ సభ్యులు, పురపాలక సభ్యులు కలిసి 178 మంది ఓటు వేయగా, 170 మంది విలీనాన్ని సమర్థించారు, ఎనిమిది మంది వ్యతిరేకించారు. నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి బదిలీ అయింది. న్యాయరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది.

1956లో కుదిరిన ఒడంబడికలో భాషను గురించి ఒక నిబంధన ఉన్నది. ప్రజలెన్నుకొన్న ప్రతినిధులు వేరొక విధంగా నిర్ణయించేవరకు ఫ్రెంచి అధికార భాషగా ఉండాలని దాని సారాంశం. ఆ ప్రతినిధుల సభ 1965లో అధికార భాషా చట్టం చేసింది. తమిళం కేంద్రపాలిత ప్రాంతపు అధికార భాష అయింది. మాహేలో మలయాళాన్ని, యానాంలో తెలుగును వాడుకొనేందుకు అదే చట్టం వీలు కల్పించింది. యానాంలో తెలుగు అధికసంఖ్యాకుల భాష, పుదుచ్చేరి మొత్తంలో అల్పసంఖ్యాకుల భాష. ఊరి జనాభాను చూసి మన భాషకేమీ భయం లేదనుకోవడం ఎంత పొరపాటో దీనివలన తెలుస్తుంది. చట్టంలో తెలుగు పేరు ఉండడం వల్లనే దానికి హక్కు ఏర్పడింది.

ముప్పై ఎనిమిది సంవత్సరాల ఖాళీ

చట్టం భాషకు చోటిచ్చింది. ఆ భాషలో మాట్లాడవలసిన సభ ఏమైంది? పుదుచ్చేరి ప్రాంతంలో 1968లో స్థానిక సంస్థల ఎన్నికలు జరిగాయి. 1880 నాటి ఫ్రెంచి శాసనానికి బదులు 1973లో కొత్త పురపాలక చట్టం చేయగా, అది 1974 జనవరి 26న అమలులోకి వచ్చింది. చట్టం వచ్చినా ఎన్నికలు రాలేదు. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, ఎన్నికైన పురపాలక సంఘానికి ఐదేళ్ళ గడువును నిర్ణయించి, గడువు తీరేలోగా మళ్ళీ ఎన్నికలు జరపాలని ఆదేశించింది. అయినా తరువాతి ఎన్నికలు 2006లో గాని జరగలేదు. అనగా ముప్పై ఎనిమిది సంవత్సరాలు. 2006లో ఎన్నికైన సంఘాల గడువు 2011లో ముగిసిన పిమ్మట, మళ్ళీ పదేళ్ళకు పైగా ఎన్నికలు లేకుండానే గడిచిపోయాయి.

ఈ కాలంలో పనులు ఆగిపోలేదు. పన్ను వసూలయింది, చెత్త ఎత్తారు, జనన ధ్రువపత్రాలు ఇచ్చారు. అధికారులు పాలన నడిపారు. ఆగిపోయినది సభ. వార్డు సభ్యుడు లేచి తన వీధి సమస్యను తెలుగులో చెప్పడం, మరొకరు కాదనడం, తీర్మానం వ్రాసుకోవడం, దానిని ప్రజలు చదవడం, ఇవన్నీ లేకపోయాయి. అధికారి ఇచ్చే ఉత్తరువుకు ఒక వాక్యం చాలు. సభలో వాదనకు భాష అంతా కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది ఉన్న యానాంలో, ఒక తరం మనుష్యులు పురపాలక సమావేశమంటే ఏమిటో చూడకుండానే పెద్దవారయ్యారు. వారికి బడిలో తెలుగు ఉన్నది, ఆ తెలుగుతో పౌరులుగా చేయవలసిన ముఖ్యమైన పని ఒకటి లేకపోయింది.

తక్కిన ఊళ్ళ మాట

యానాం బయట ఉన్న మన ఊళ్ళది వేరొక దారి. బరంపురం 1936 వరకు, బళ్ళారి 1953 వరకు మద్రాసు చట్టాల కింద నడచిన పురపాలక పట్టణాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరులో చేరినప్పుడు, ఆ ఊళ్ళలో ఇళ్ళు, వీధులు, సంతలు ఉన్నచోటనే ఉన్నాయి. మారినది పై కార్యాలయం, దానితోపాటు క్రమంగా కాగితం భాష. ఊరి భాష మనదే గదా అని నిశ్చింతగా ఉన్న తరం ఒకటైతే, పిల్లలను తెలుగు బడికి పంపడమెందుకని ప్రశ్నించే తరం మరొకటి. ఈ రెండింటి నడుమ జరిగినది పన్ను రసీదు భాష మారడమే.

ఇక్కడ మనకు తోడ్పడే రక్షణలు కొన్ని ఉన్నాయి. వీటిని చాలామంది తల్లిదండ్రులు వినియోగించుకోవడం లేదు.

మొదటిది, 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన రాజ్యాంగపు 350-ఎ అధికరణం. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమే కాక, ప్రతి స్థానిక సంస్థ కూడా ప్రయత్నించాలని అది నిర్దేశిస్తున్నది. తెలుగు బడి కోసం మనం రాజధాని వైపే చూస్తుంటాం. ఊరి పురపాలక కార్యాలయం కూడా ఆ బాధ్యతలో భాగస్వామియే.

రెండవది, 1949లో విద్యామంత్రుల సమావేశం అంగీకరించిన సూత్రం. పాఠశాల మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని కోరితే మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలి. లెక్క పెట్టి, సంతకాలతో అడిగినవారికే ఈ సంఖ్యలు ఉపయోగపడతాయి.

మూడవది, జిల్లాలో గాని, తాలూకా, పురపాలక సంఘం వంటి చిన్న పరిధిలో గాని ఒక భాషవారు 15 శాతమో అంతకు మించో ఉంటే, ముఖ్యమైన ప్రకటనలు, నియమాలు వారి భాషలో కూడా ప్రచురించాలన్న ఏర్పాటు. రాష్ట్రమంతటా మన శాతం తక్కువ కావచ్చు. పురపాలక పరిధిలో లెక్క వేరుగా ఉండవచ్చు.

నాలుగవది, 350వ అధికరణం. తన ఇబ్బందిని తీర్చమని ఏ అధికారికైనా, ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకొనే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. ఈ రక్షణల అమలును పరిశీలించడానికి 350-బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు కార్యాలయం 1957 నుండి పనిచేస్తున్నది.

తరగతిలో ఏమి చేయవచ్చు

ఉపాధ్యాయులు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఒక చిన్న పని చేయించవచ్చు. ప్రతి విద్యార్థి తన ఇంటి నుండి ఐదు కాగితాల వివరం వ్రాసుకొని రావాలి: ఇంటిపన్ను రసీదు, నీటి రసీదు, జనన ధ్రువపత్రం, ఓటరు గుర్తింపు కార్డు, వీధిలో పంచిన ప్రభుత్వ ప్రకటన. ఏ కాగితం ఏ భాషలో ఉన్నదో, అందులో తమ ఇంటిపేరు ఎట్లా వ్రాశారో పట్టిక వేయాలి. తాతగారి కాలపు కాగితం దొరికితే దానిని కూడా చేర్చాలి. మూడు తరాల కాగితాలను పక్కపక్కన పెడితే, ఆ ఊరిలో తెలుగు చరిత్ర పిల్లలకు స్వయంగా కనబడుతుంది.

రెండవ పనిగా, తమ వీధిలోని ఒక నిజమైన ఇబ్బందిని గురించి పురపాలక అధికారికి తెలుగులో విన్నపం వ్రాయించాలి. తేదీ, చిరునామా, విషయం, కోరిక అన్నీ స్పష్టంగా ఉండాలి. తల్లిదండ్రులు సంతకం చేసి దానిని నిజంగానే కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్లు రసీదు తీసుకోవాలి. అధికారి తెలుగు చదవలేకపోతే రాష్ట్ర భాషలో ఒక ప్రతిని జతచేయవచ్చు. తెలుగు ప్రతిని మాత్రం మానకూడదు. వ్యాకరణ పాఠంలో పదిసార్లు చెప్పినా పట్టుబడని లేఖారచన, ఇంటి ముందరి కాలువ కోసం వ్రాసినప్పుడు పట్టుబడుతుంది.

యానాం మేరీలో ఒకనాడు మనవారి పేర్లను వ్రాసినవారు ఆ పేర్లను పలకలేని భాషలో వ్రాశారు. నేడు మన ఊళ్ళలో ఆ పుస్తకాలు ఎవరు వ్రాస్తారో, ఏ భాషలో వ్రాస్తారో అడగడానికి చట్టం అడ్డు లేదు. అడిగే పని తల్లిదండ్రులది, అడగడానికి తగిన తెలుగును నేర్పే పని మనది. మీ ఊరి పురపాలక సంఘంలో తెలుగు స్థితి ఎట్లా ఉన్నదో, పిల్లల పట్టికలలో ఏమి తేలిందో వ్రాసి పంపితే, ఇతర ఊళ్ళ ఉపాధ్యాయులకు అది మంచి పాఠమవుతుంది.